విరేచనాలు పట్టేదాకా మింగమన్న మాత్ర: గౌట్ మందుల కథ



ఈసారి పంట గురించి కాదు, కాలి బొటనవేలి గురించి రాస్తున్నా. మన ఊళ్లల్లో షుగరు, బీపీల పక్కన ఇప్పుడు యూరిక్ యాసిడ్ అనే మాట కూడా చేరింది. రాత్రి బాగానే పడుకున్న మనిషికి తెల్లారేసరికి బొటనవేలు ఎర్రగా వాచిపోతుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పనవుతుంది. దాన్నే గౌట్ అంటారు. మందులున్నాయి, బాగానే పనిచేస్తాయి. కాని మనవాళ్లలో ఒకరు కడుపు చెడగానే మందులు మూలన పడేస్తారు. ఇంకొకరు నొప్పి తగ్గలేదని మాత్ర మీద మాత్ర మింగుతారు. ఇద్దరికీ నష్టమే. ఎందుకో తెలియాలంటే ఈ మందుల చరిత్ర తెలియాలి.

గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ సుమారు 2400 ఏళ్ల కిందటే దీన్ని మనిషిని నడవనివ్వని జబ్బు అన్నాడు. మాంసం, మద్యం పుష్కలంగా ఉన్న ఇళ్లల్లో కనబడేదని ఐరోపాలో రాజుల జబ్బు అని పేరు పడింది. ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి రాదనేం లేదండి. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా, తాగుడు ఎక్కువైనా, బీపీకి ఇచ్చే కొన్ని నీరు తీసే మాత్రల వల్లా రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంది. అది కీళ్లల్లో సూదుల్లాంటి పలుకులుగా పేరుకుంటుంది.

దీనికి మొదటి మందు ఒక దుంప. ఐరోపా, పడమటి ఆసియా పచ్చిక బయళ్లలో కాల్చికమ్ అనే మొక్క ఉంటుంది. ఇప్పటి టర్కీలోని ట్రాలెస్ ఊరి అలెగ్జాండర్ అనే వైద్యుడు 6వ శతాబ్దంలోనే ఆ జాతి దుంపను గౌట్‌కి వాడాడు. నొప్పి తగ్గిస్తుందని, కడుపుకి మాత్రం చెరుపని కూడా రాశాడు. అంటే మందు ఎంత పాతదో, దాని చెరుపు సంగతి కూడా అంత పాతదే.

ఆ చెరుపుకి భయపడే 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఆ మందు మూలన పడింది. థామస్ సిడెన్హామ్ అని పేరున్న డాక్టరు, తనకే గౌట్ ఉన్న మనిషి, విరేచనాల మందులు ఈ జబ్బుకి వద్దన్నాడు. తర్వాత 18వ శతాబ్దంలో నికోలస్ హుస్సోన్ అనే ఫ్రెంచి సైనికాధికారి ఒక మందునీళ్లు తయారుచేసి అమ్మాడు. అందులో ఏముందో చెప్పలేదు. గౌట్ రోగులు ఎగబడి కొన్నారు. 1814లో జాన్ వాంట్ అనే డాక్టరు అందులో ఉన్నది కాల్చికమేనని బయటపెట్టాడు. వదిలేసిన దుంపే సీసాలోకి మారి తిరిగొచ్చింది. ఏముందో చెప్పని మందు ఇప్పుడు కూడా సంతల్లో దొరుకుతూనే ఉంది కదా!

1820లో ఫ్రాన్స్‌లో పెల్టియే, కావెంటూ అనే ఇద్దరు ఆ దుంపలోని అసలు సరుకును వేరుచేశారు. మలేరియాకి వాడే క్వినైన్‌ను అదే ఏడాది వేరుచేసింది కూడా వీళ్లే. ఈ దుంప సరుకుకే కాల్చిసిన్ అని పేరు. ఇప్పుడు మన డాక్టర్లు రాసే చిన్న మాత్ర అదే.

ఇది మనకి దూరపు సంగతి అనుకోకండి. కంచెల మీద పాకే అడవినాభి తీగ చూసే ఉంటారు. పూరేకులు మొదట్లో పసుపు, కొసన ఎరుపు, మంట లేచినట్టు ఉంటాయి. అందులోనూ ఇదే కాల్చిసిన్ ఉంది. తమిళనాడులో అది రాష్ట్ర పుష్పం. అక్కడి రైతులు దాన్ని గింజల కోసం పంటగా వేస్తారు, ఆ గింజల నుంచి మందు తీస్తారు. అయితే ఎవరైనా దుంప అరగదీసి తాగమంటే మాత్రం వినకండి. మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. దుంప మీద రాసి ఉండదు. ఆ దుంప తిని చనిపోయినవాళ్లున్నారు.

కాల్చిసిన్‌తో కడుపే ముందు ఎందుకు చెడుతుంది? దీనికి జవాబు మన పుచ్చకాయల్లో ఉంది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు ఏర్పడి చెరి సగం లాగుతాయి. కాల్చిసిన్ ఆ దారాలను కట్టనివ్వదు. 1937లో ఈ గుణాన్ని అమెరికా శాస్త్రవేత్తలు మొక్కల మీద వాడి క్రోమోజోములను రెట్టింపు చేశారు. తర్వాత జపాన్ శాస్త్రవేత్త కిహారా గింజల్లేని పుచ్చకాయను తెచ్చింది ఈ దారిలోనే. మన ఒంట్లో కణాలు చాలా వేగంగా చీలే చోట్లలో పేగు లోపలి పొర ఒకటి. అందుకే మోతాదు మించితే దెబ్బ మొదట అక్కడే పడుతుంది.

ఇంత తెలిసినా చాలాకాలం డాక్టర్ల పద్ధతి ఏంటంటే, గంటకో రెండు గంటలకో ఒక మాత్ర చొప్పున నొప్పి తగ్గేదాకా, లేదంటే విరేచనాలు పట్టేదాకా వేయడం. 2010లో అచ్చయిన ఒక పరీక్షలో దీన్ని లెక్కకట్టి చూశారు. కొందరికి మొత్తం 4.8 మిల్లీగ్రాములు, కొందరికి 1.8 మిల్లీగ్రాములే ఇచ్చారు. నొప్పి తగ్గడం ఇద్దరిలో ఇంచుమించు సమానం. విరేచనాలు మాత్రం ఎక్కువ మోతాదులో 100కి 77 మందికి, తక్కువ మోతాదులో 23 మందికి. ఎరువు రెట్టింపు చల్లితే దిగుబడి రెట్టింపు కాదని మనకి తెలుసు కదా, ఇదీ అంతే. మాత్ర మీద మాత్ర వేసేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

కాల్చిసిన్ వాపును తగ్గిస్తుంది, యూరిక్ యాసిడ్‌ను తగ్గించదు. ఆ పని చేసేది అల్లోప్యూరినాల్. అమెరికాలో గెర్ట్రూడ్ ఎలియన్ అనే ఆవిడ, జార్జ్ హిచింగ్స్ కలిసి దీన్ని రక్త క్యాన్సర్ మందు ఒంట్లో త్వరగా విరిగిపోకుండా ఆపడానికి తయారుచేశారు. అది యూరిక్ యాసిడ్ తయారీని కూడా ఆపుతుందని తేలింది. 1966లో అక్కడ గౌట్‌కి అనుమతి వచ్చింది. 1988లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ పుట్టుకలోనే ఒక హెచ్చరిక ఉంది. ఆ క్యాన్సర్ మందు గానీ, కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి ఇచ్చే అజాథయోప్రిన్ గానీ వాడేవాళ్లకి అల్లోప్యూరినాల్ కలిస్తే వాటి బలం ప్రమాదకరంగా పెరుగుతుంది. వాడుతున్న మందులన్నీ డాక్టరుకి చెప్పాలనేది ఇందుకే.

అల్లోప్యూరినాల్‌తో కొద్దిమందికి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. అరుదుగా అది ప్రాణం మీదికి వస్తుంది. 2005లో తైవాన్ పరిశోధకులు అలా తీవ్రంగా దెబ్బతిన్న 51 మందిని పరీక్షిస్తే 51 మందిలోనూ ఒకే జన్యువు కనబడింది. అందుకే కొన్ని దేశాల్లో ముందే ఆ రక్త పరీక్ష చేస్తున్నారు. ప్రమాదం ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే. రోజుకి 100 మిల్లీగ్రాములు లేదా అంతకన్నా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచమని చెప్పేది అందుకే. ఆ నెలల్లో దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి పోవాలి. రేపు చూద్దాం అనొద్దు.

ఇంకో సంగతి చాలామందిని భయపెడుతుంది. అల్లోప్యూరినాల్ మొదలెట్టిన కొత్తలో నొప్పి మళ్లీ లేస్తుంది. మందు పడలేదని ఆపేస్తారు. పేరుకున్న పలుకులు కరుగుతుంటే అలా అవుతుంది. అందుకే మొదటి మూడు నుంచి ఆరు నెలలు తక్కువ మోతాదులో కాల్చిసిన్ కూడా ఇస్తారు. నొప్పి లేచిందని అల్లోప్యూరినాల్‌ను మీ అంతట మీరు ఆపకండి.

చివరగా నొప్పి బిళ్లలు. రాబందులు మన ఆకాశంలో ఎందుకు కనబడటం లేదో తెలుసా? పశువులకి వేసిన డైక్లోఫెనాక్ ఆ కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసింది. లోపల అవయవాల మీద యూరిక్ యాసిడ్ పేరుకుని చచ్చిపోయాయి. 2004లో ఇది తేలింది, 2006లో మన దేశంలో పశువులకి దాన్ని నిషేధించారు. మనిషి ఒళ్లు రాబందు ఒళ్లు కాదు, నిజమే. కాని కిడ్నీలు బలహీనంగా ఉన్న గౌట్ రోగి నెలల తరబడి సొంతంగా నొప్పి బిళ్లలు మింగితే, యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపే కిడ్నీలనే దెబ్బతీసుకున్నట్టు.

కాబట్టి కాల్చిసిన్‌తో విరేచనాలు పడితే ఇంకో మాత్ర వేయకండి. ఓఆర్ఎస్ తాగుతూ డాక్టరుకి ఫోన్ చేయండి. కండరాలు నీరసపడినా చెప్పండి, ముఖ్యంగా కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లు. కిడ్నీ పరీక్ష చేయించుకోండి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్ ఎవరైనా రాస్తే కాల్చిసిన్ వాడుతున్న సంగతి ముందే చెప్పండి, రెండూ కలిస్తే ప్రాణాపాయం.

మీ ఇంట్లో, మీ వీధిలో యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్లుంటే ఇది చదివి వినిపించండి. చదవలేని పెద్దవాళ్లకి మాత్రల అట్ట మీద ఏది రోజూ వేసేదో, ఏది నొప్పప్పుడే వేసేదో గుర్తు పెట్టి ఇవ్వండి.