అగ్నిసూచనము: నాడును నేడును



వేమూరు ప్రాంతపు పల్లెలలో పుట్టి పెరిగిన పెద్దలకు ఎండకాలమున వినవచ్చు "నిప్పు! నిప్పు!" అను కేక యెట్టిదో నేను వర్ణింప నక్కరలేదు. తాటాకు కప్పిన యిండ్లు, వాని ప్రక్కనే గడ్డివాములు, పైని వడగాలి. ఒక చూరున పడిన రవ్వ గడియ లోపల వాడ నంతయు బూడిద చేసెడిది. కేక విన్న వెంటనే చావడికడ తప్పెట మ్రోగెడిది. చేతికి దొరకిన కడవతో ఊరంతయు పరుగెత్తెడిది.

నా చిన్నతనమున ఒక వైశాఖమాసపు మధ్యాహ్నము మా యూర నిట్లే తప్పెట మ్రోగినది. జనులందరును పడమటి వీధికి పరుగెత్తిరి. ఏలయన, మూడుదినములకు ముందు అచ్చట నొక వామి కాలియుండెను. తీరా చేరి చూడగా అచ్చట నేమియు లేదు. మంట తూర్పున చెరువుకట్ట క్రింది పాకలలో నున్నది. వారు వెనుకకు మరలి వచ్చుసరికి ఏడు పాకలు పోయినవి. గుంజకు కట్టిన పాడియావు నొకదానిని విప్పువారు లేక అదియు పోయినది. తప్పెట వేసినవానియందు దోషము లేదు, పరుగెత్తినవారియందును లేదు. తప్పెట "నిప్పు" అని చెప్పగలదు గాని "ఇచ్చట" అని చెప్పజాలదు. ఈ "ఇచ్చట" అను నొక్క మాటను మానవుడు ఎట్లు సంపాదించెనో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

అగ్నిభయము మన పూర్వులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, నాగరికు డను పట్టణాధికారి విధులను చెప్పుచోట, దీనికై యొక క్రమమే కలదు. గ్రీష్మమున పగటి నడిభాగమున ఇండ్లలో నిప్పు రాజేయరాదు. ఇంటింట నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెము మొదలగునవి సిద్ధముగ నుండవలెను. వీథులలోను చతుష్పథములలోను నీటికడవలు వరుసగ నుంచవలెను. కాలుచున్న యింటికి సాయమునకై పరుగెత్తి రాని గృహస్థునకు పండ్రెండు పణములు, అద్దెకున్నవానికి ఆరు పణములు దండన. రోమునగరమున క్రీస్తుశకము 6వ సంవత్సరమున అగస్టసు చక్రవర్తి రాత్రులు వీథులవెంట తిరిగి నిప్పును కనిపెట్టు కావలివారిని నియమించెను. ఈ యేర్పాటులన్నిటను నీరు సిద్ధము, మనుష్యుడు సిద్ధము. కాని మంటను చూచునది మనుష్యుని కన్ను, చెప్పునది మనుష్యుని గొంతు. కన్ను మూసినచో గొంతు పలుకదు.

తంతివార్త పుట్టిన పిదప ఈ స్థితి మారినది. అమెరికాదేశపు బోస్టను నగరమున చానింగు అను వైద్యపండితుడును, ఫార్మరు అను యంత్రజ్ఞుడును కలిసి 1852వ సంవత్సరమున ఒక యేర్పాటు నెలకొల్పిరి. వీథి మూలలయందు ఇనుప పెట్టె లుంచి వానిని తంతులతో నొక కేంద్రకార్యాలయమునకు కలిపిరి. ప్రతి పెట్టెకు నొక సంఖ్య. నిప్పు చూచినవాడు పెట్టె తెరచి పిడి త్రిప్పినచో ఆ పెట్టె సంఖ్య తంతిమీద కార్యాలయమునకు పోవును. అచ్చటినుండి ఊరి గంటలు మ్రోగును. చూడుడు, "ఇచ్చట" అను మాట మొదట పుట్టిన దిచ్చటనే. సంఖ్యయే చిరునామా యైనది. అయినను పిడి త్రిప్పుటకు మనుష్యుడు మేల్కొని యుండవలెను గదా.

ఆ కొరతను తీర్చుటకు పలువురు పాటుపడిరి. ఎడిసను పండితుని సహచరుడైన అప్టను 1890లో స్వయముగ పలుకు విద్యుత్సూచకమునకు పేటెంటు పొందెను. ఇంగ్లండున బర్మింగుహాము నివాసి డార్బీ 1902లో వేడిమిని కనిపెట్టు సాధనమును చేసెను. రెండు లోహపు రేకుల నడుమ వెన్నముద్ద నుంచగా, అది కరగి రేకులు తాకి విద్యుత్తు ప్రవహించునట్లు అతని తొలి నమూనా యుండెనని చెప్పుదురు. కాని వేడిమికంటె ముందు వచ్చునది పొగ. 1930 దశకమున స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు జేగరు విషవాయువును పట్టు యంత్రమునకై యత్నించి విఫలుడాయెననియు, విసుగుతో సిగరెట్టు వెలిగింపగా ఆ పొగకు యంత్రపు ముల్లు కదలెననియు ఒక కథ కలదు. అతని త్రోవనే నడచి మైలీ అను స్విస్సు శాస్త్రజ్ఞుడు, ఆ స్వల్పమైన కదలికను పెద్దది చేసి గంట మ్రోగింపగల గొట్టమును సమకూర్చెను. పొగను పసిగట్టు డిటెక్టరు ఈ విధముగ వాడుకకు వచ్చినది.

ఇక నీ డిటెక్టరులను ఒక కంట్రోలు ప్యానెలునకు కలుపుట యెట్లు? పాతపద్ధతిలో భవనమును మండలములుగ విభజించి, ఒక్కొక్క మండలమున కొక తంతి జత వేసిరి. ఆ జతకు ఇరువది గదుల డిటెక్టరులు తగిలియుండును. ఏదేని యొకదానికి పొగ సోకినచో ఆ తంతిలో ప్రవాహము హెచ్చి ప్యానెలుపై ఆ మండలపు ఎఱ్ఱదీపము వెలుగును. తంతి తెగినచో తెలియుటకై చివర నొక నిరోధక ముంతురు. ఇది మంచిదే. కాని ఇరువది గదులలో ఏ గది? కావలివాడు ఒక్కొక్క తలుపు తెరచి చూడవలెను. మా యూరి పడమటి వీథి కథయే మరల వచ్చినది.

1980 దశకమునుండి వ్యాపించిన నూతనపద్ధతిలో బోస్టను పెట్టెల సంఖ్య మరల ప్రవేశించినది. ప్యానెలునుండి బయలుదేరిన తంతి జత డిటెక్టరునుండి డిటెక్టరునకు పోయి, తుదకు ప్యానెలునకే తిరిగి వచ్చును. దీనిని లూపు అందురు. ఒక లూపున నూటికి పైగా డిటెక్టరు లుండవచ్చును. ప్రతిదానికి వేఱువేఱు సంఖ్య నిత్తురు. ప్యానెలు, తరగతిలో ఉపాధ్యాయుడు హాజరు పిలిచినట్లు, ఒకటొకటిగ సంఖ్యలను పిలుచును. ఆయా డిటెక్టరు "కుశలము" అనియో, "పొగ" అనియో బదులు చెప్పును. బదులు రానిచో, అచ్చట డిటెక్టరు ఊడినదనియో చెడినదనియో ప్యానెలు ఎఱుక పరచును. తంతి యొకచోట తెగినను, రెండు కొనలును ప్యానెలుననే యున్నవి గనుక, రెండు వైపులనుండియు పిలుపు సాగును. తంతు లొకదాని కొకటి తాకినచో, నడుమ నడుమ నుంచిన ఐసొలేటరులు ఆ భాగమును మాత్రమే విడదీయును.

ఇందు ముఖ్యమైన పని తంతి లాగుట కాదు, పేరు వ్రాయుట. ఒకే సంఖ్య రెంటి కిచ్చినచో, ఒకే పేరుగల విద్యార్థు లిద్దరు ఒక్కసారి పలికినట్లగును. సంఖ్య సరియైనను, ప్యానెలులో దానికెదుట వ్రాసిన గదిపేరు తప్పైనచో మఱింత ప్రమాదము. మందులగది గోడ జరిపి రోగులగదిగ మార్చినవారు ప్యానెలులో పేరు మార్పకున్నచో, యంత్రము సత్యమే పలుకును, మనుష్యుడు మాత్రము తప్పు గదికి పరుగెత్తును. అందుచేతనే తంతి కలిపిన పిదప ఒక్కొక్క డిటెక్టరుకడకు పోయి పొగ చూపి, ప్యానెలుపై అదే గదిపేరు వచ్చినదా యని సరిచూడవలెను.

ఇది పట్టణములవారి ముచ్చట గదా యని మీరనవచ్చును. విజయవాడలో 2020 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున, కోవిడు రోగులుండిన యొక హోటలులో నిప్పంటి పదిమంది మరణించిరి. సికిందరాబాదున 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి, క్రింద నున్న విద్యుద్వాహనముల దుకాణమునుండి పొగ పైనున్న బసకు ఎగసి ఎనమండుగురు చనిపోయిరి. పరవూరినుండి వచ్చి బసచేసినవారు, వైద్యమునకై చేరినవారు పల్లెలవారును కావచ్చును. తెనాలికో, గుంటూరికో రోగిని తీసికొని పోవునది మనమే. చదువులకై వసతిగృహములకు పంపునది మన పిల్లలనే.

మన దేశమున నీ సాధనముల యేర్పాటునకు ఐ.ఎస్. 2189 అను ప్రమాణగ్రంథము కలదు. 1999లో ఆంధ్రప్రదేశమున అగ్నిమాపక శాసనమును చేసిరి. శాసనము కాగితముమీద నుండును. దానిని అడిగి నిలుపువారు మన మగుదుము. ఈసారి పెద్ద ఆసుపత్రిలో కాలిడినప్పుడు, వాకిటి యెఱ్ఱ ప్యానెలుకడ నిలిచి మూడు ప్రశ్నలడుగుడు. ఇది పనిచేయుచున్నదా? దీనిలోని పేర్లు గదులతో సరిపోవునా? రాత్రివేళ ఇది పలికినచో వినువా రెవరు? విసుగుచెంది గంట నోరు నొక్కివేయుట యనేకచోట్ల అలవాటైపోయినది. అది తప్పెటవాని చేయి పట్టుకొనుటయే.

నాడు తప్పెటకు "ఇచ్చట" అను మాట రాలేదు. నేడు యంత్రమునకు ఆ మాట వచ్చినది. కాని పరుగెత్తుట నేటికిని మనుష్యుని పనియే. కాలుచున్న యింటికి పోనివానికి పండ్రెండు పణములు దండన వేసిన ధర్మము, తంతులు వచ్చినంతమాత్రమున రద్దు కాలేదు.