బస్తర్ వెదురు సైకిలు: మెప్పు సరే, హక్కు ఎవరిది?

2020లో ఛత్తీస్‌గఢ్ ముఖ్యమంత్రిగా ఉన్న భూపేశ్ బఘేల్, బస్తర్ హస్తకళాకారులు వెదురుతో చేసిన ‘బాంబూకా’ అనే సైకిలును సామాజిక మాధ్యమాల్లో మెచ్చుకున్నారు. రాజధాని రాయ్‌పూర్ నుంచి చూస్తే అది గిరిజన నైపుణ్యానికి దక్కిన గుర్తింపు. అక్కడికి సుమారు 300 కిలోమీటర్ల దూరంలోని బస్తర్ నుంచి చూస్తే, ఆ సైకిలులోని ప్రతి వెదురు గడ వెనుకా శతాబ్దానికి మించిన రాజకీయ చరిత్ర ఉంది.

ఛత్తీస్‌గఢ్ రాజకీయాలకు సైకిలు కొత్త కాదు. 2000 నవంబరు 1న రాష్ట్రం ఏర్పడిన కొద్ది సంవత్సరాలకే రమణ్ సింగ్ ప్రభుత్వం ‘సరస్వతీ సైకిల్ యోజన’ కింద బడికి వెళ్లే పేద బాలికలకు సైకిళ్లు పంచింది. బీహార్‌లో నితీశ్ కుమార్ ప్రభుత్వం 2006లో అదే పని విస్తృతంగా చేపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ వచ్చింది. బీహార్ పథకంపై ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ జరిపిన అధ్యయనం ప్రకారం, ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక 32 శాతం పెరిగింది. ఈ ఫలితాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయితే టెండరు ద్వారా వేల సంఖ్యలో కొనే సైకిలుకు ఒకటే కొలత. పొట్టి పిల్ల, పొడగరి పిల్ల ఇద్దరూ దానికే సర్దుకోవాలి.

చేతితో కట్టే సైకిలు ఇందుకు భిన్నమైన సంప్రదాయం. తయారీదారుడు ముందుగా తొక్కే మనిషి కాలి పొడవు, మొండెం, చేతుల చాపు కొలుస్తాడు. ఏ దారిలో తొక్కుతారో, ఎంత బరువు మోస్తారో అడుగుతాడు. ఆ తరువాతే ఫ్రేము గొట్టాల పొడవు, వాటి మధ్య కోణాలు నిర్ణయిస్తాడు. ఈ పనికి వెదురు వాడటం కూడా పాత ఆలోచనే. 1894లోనే ఇంగ్లండులో వెదురు సైకిలు ప్రజల ముందుకు వచ్చింది. ఉక్కు గొట్టాలు చవకై అది మరుగున పడింది. 1990లలో కాలిఫోర్నియాకు చెందిన క్రెయిగ్ కాల్ఫీ దానిని తిరిగి వెలుగులోకి తెచ్చారు. ఆయన తోడ్పాటుతో ఘనాలో స్థానికులు ఈ తయారీని నేర్చుకున్నారు. ముదిరిన వెదురును ఎండబెట్టి, పురుగు పట్టకుండా శుద్ధి చేసి, కొలతకు కోసి, కీళ్ల వద్ద నారను జిగురులో తడిపి గట్టిగా చుడతారు. చక్రాలు, పెడళ్లు అమరే చోట లోహపు ముక్కలు పొదుగుతారు. పెద్ద కర్మాగారం అవసరం లేదు. కావలసినవి చేతి నేర్పు, మంచి వెదురు.

బస్తర్‌లో చేతి నేర్పుకు ఎన్నడూ కొరత లేదు. చిక్కంతా వెదురు దగ్గరే వచ్చింది. 20వ శతాబ్దపు తొలి ఏళ్లలో బస్తర్ సంస్థానంలోని అడవిలో మూడింట రెండు వంతులను రిజర్వు చేయాలన్న ప్రతిపాదన, 1910లో గుండాధుర్ నాయకత్వాన సాగిన భూంకాల్ తిరుగుబాటుకు ప్రధాన కారణాల్లో ఒకటి. మన్యంలో అల్లూరి పోరాటానికి అది పన్నెండేళ్ల ముందటి మాట. తిరుగుబాటు అణచివేతకు గురైంది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును ‘చెట్టు’ నిర్వచనంలో చేర్చింది. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డి జాతికి చెందినది. చట్టం దృష్టిలో అది చెట్టయినందున అటవీ శాఖ దానిని కలపగా పరిగణించింది. బుట్టలల్లేవాడు అనుమతి లేకుండా నరికితే నేరస్తుడయ్యాడు.

స్వాతంత్ర్యం తరువాత కూడా ఆ నిర్వచనం మారలేదు. దేశంలోని పలు ప్రాంతాల్లో ప్రభుత్వాలు కాగితపు మిల్లులకు నామమాత్రపు ధరకు వెదురును దీర్ఘకాలిక లీజులపై కట్టబెట్టాయి. అదే వెదురుపై బతికే మేదరులు, ఇతర వృత్తులవారు బజారు ధర చెల్లించవలసి వచ్చింది. కర్ణాటక అనుభవం ఆధారంగా మాధవ్ గాడ్గిల్ ఈ అసమానతను వివరంగా రాశారు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దానిపై గిరిజనులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. కాగితం మీది ఆ హక్కు నేల మీదికి రావడానికి మరికొన్ని ఏళ్లు పట్టింది. బస్తర్‌కు పొరుగునే ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో, మెంఢా-లేఖా గ్రామసభ చేతికి 2011 ఏప్రిల్‌లో నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ రవాణా పర్మిట్ల పుస్తకం అందజేశారు. ఆ ఊరు తన వెదురును తానే అమ్ముకుంది. 2017లో కేంద్రం వెదురును ‘చెట్టు’ నిర్వచనం నుంచి తొలగించింది. అయితే ఆ సవరణ లక్ష్యం అడవి వెలుపల, రైతు పొలంలో పెరిగే వెదురు. అడవిలోని వెదురుపై అటవీ శాఖ పట్టు దానితో సడలలేదు.

వెదురు సైకిలును ఈ నేపథ్యంలో చూడాలి. కొలత ప్రకారం చేసే సైకిలుకు రోజుల తరబడి శ్రమ పడుతుంది, కనుక దాని ధర పట్టణ సంపన్నులకే అందుతుంది. కట్టిన మనిషికి మిగిలేది ఎంత అన్నది, వెదురుపై హక్కు ఎవరిదన్న దానిని బట్టి ఉంటుంది. గ్రామసభ తన వెదురుకు తానే ధర కట్టగలిగితే ఆ సైకిలు ఊరి పరిశ్రమ అవుతుంది. వెదురు కోసం ప్రతిసారీ అటవీ శాఖ గుమ్మం ఎక్కవలసి వస్తే ఆ కళాకారుడు సొంత అడవిలోనే కూలీగా మిగులుతాడు. సైకిలును మెచ్చుకోవడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు. రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టడానికి మాత్రం అధికారం వదులుకోవాలి. రాయ్‌పూర్‌లో ఏ పార్టీ అధికారంలో ఉన్నా బస్తర్ ఆ పార్టీని అడగవలసిన ప్రశ్న ఇదే.