సిగరెట్ పెట్టెలో బేస్‌బాల్ వీరులు

1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల రంగుల కార్డులు పెట్టి అమ్మింది. ఆ అట్టముక్క వల్ల మెత్తటి పెట్టె నలిగేది కాదు, బొమ్మలు పోగేసేవాళ్లు బ్రాండూ మార్చేవారు కాదు. 520కి పైగా కార్డులున్న ఈ శ్రేణిని సేకరించేవాళ్లు టీ206 అంటారు. ఆ సంఖ్య పెట్టినవాడు జెఫర్సన్ బర్డిక్. సిరక్యూస్‌కు చెందిన ఈ కార్మికుడు కీళ్లవాతంతో బాధపడుతూనే, మూడు లక్షలకు మించిన తన కాగితాల సేకరణను 1963 దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో కూర్చుని ఆల్బమ్‌లలో అతికించాడు. జీతం లేని కొలువు!

ఈ శ్రేణిలోని హోనస్ వాగ్నర్ కార్డు కోట్లు పలకడం అందరికీ తెలిసిన కథే. అంతగా పేరు రానివాళ్ల కార్డుల్లోనే అసలు రుచి ఉంది. న్యూయార్క్ హైలాండర్స్ జట్టుకు బంతి విసిరే జో డోయిల్ 1906లో మొదటి బంతి నుంచి తానే విసిరిన తొలి రెండు మ్యాచుల్లోనూ ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వలేదు. ఆ జోరు నిలవలేదు. 1910తో అతని మేజర్ లీగ్ ఆట ముగిసింది. అతనిది అమెరికన్ లీగ్ జట్టు. అదే నగరంలోని నేషనల్ లీగ్ జట్టు జెయింట్స్‌లో లారీ డోయిల్ అని మరొకడు ఉండేవాడు. ఇంటిపేరు ఒకటే కావడంతో కాబోలు, జో కార్డు మీద నేషనల్ అని అచ్చయింది. తర్వాత దిద్దారు. దిద్దకముందు బయటికి వెళ్లిన కార్డుల్లో ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాగ్నర్ కార్డు కంటే అవే అరుదు.