చేతిమచ్చల చికిత్స: క్షారము నుండి ఆమ్లమునకు

నడివయస్సు దాటినవారి చేతి వెనుకభాగమున గోధుమవన్నె మచ్చలు పొడసూపుట సామాన్యము. చంద్రపురపు ఎండలలో పొలములందును గనులందును పాటుపడిన మన పెద్దల చేతులపై వీనిని చూడనివా రుండరు. పాశ్చాత్యులు వీనిని కాలేయపు మచ్చ లనిరి గాని, కాలేయముతో వీనికి సంబంధము లేదు. ఏండ్ల తరబడి ఎండ సోకుటచే చర్మమందలి వర్ణద్రవ్య మొకచోట పేరుకొనుటయే కారణము. మందు పూసి పైపొర నూడదీసి వీనిని పోగొట్టు పద్ధతికి నేడు కెమికల్ పీల్ అని పేరు. ఇది కేవలము నవీన కల్పనమా యని విచారింతము.

సుశ్రుతసంహిత సూత్రస్థానమున క్షారవిధికి ప్రత్యేకాధ్యాయము కలదు. చెట్ల బూడిదనుండి తీసిన క్షారము మృదువు, మధ్యమము, తీక్ష్ణము అని త్రివిధము. పైపూతగా దానిని వాడదగిన వ్యాధులలో న్యచ్ఛము, వ్యంగము, తిలకాలకము పేర్కొనబడినవి. ఇవియే నేటి ముదిమి మచ్చలని చెప్పుట సాహసము. చర్మపు వన్నెను చెరచు వ్యాధులనుట మాత్రము నిశ్చయము. క్షారము పూసి నూరు లెక్కించునంతసేపు వేచి, పిమ్మట పుల్లని ద్రవ్యములతో మంటను శమింపజేయవలెను. బాలురకు, వృద్ధులకు, దుర్బలులకు ఇది నిషిద్ధము.

ఐరోపాలో 1882లో హాంబర్గు చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా, సాలిసిలిక్ ఆమ్లము, ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లము, ఫీనాలు మొదలగువానికి చర్మపు పొరల నూడదీయు గుణము కలదని వర్ణించెను. అమెరికాలో జార్జి మెకీ 1903లో మచ్చలకు ఫీనాలు వాడనారంభించి, తన అనుభవమును 1952లో ప్రకటించెను. చెరకునందలి గ్లైకోలిక్ ఆమ్లము, పెరుగునందలి లాక్టిక్ ఆమ్లము వంటివి చర్మపు గట్టి పొలుసులను సడలించునని 1974లో వాన్ స్కాట్, యూ అను ఇరువురు తెలిపిరి.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. నాడు క్షారముతో ఒలిచి ఆమ్లముతో శమింపజేసిరి; నేడు గ్లైకోలిక్ ఆమ్లముతో ఒలిచి, వంటసోడా వంటి క్షారముతో శమింపజేయుచున్నారు. ద్రవ్యములు తారుమారైనవి, మోతాదు, కాలము, పాత్రత అను మూడు నియమములు మాత్రము మారలేదు.

ఆ నియమములు తప్పిన ఫలమును మా యింటనే చూచితిని. మా తల్లిగారు ఒక పెండ్లికి ముందు, వైద్యుని సంప్రదింపక, ఒక అలంకరణశాలలో చేతులకు పీల్ చేయించుకొనిరి. మచ్చలు పోలేదు సరికదా, కాలినచోట నల్లని మరకలు మిగిలెను. నేటికిని వారు నలుగురిలో చేతులను చీరకొంగున దాచుకొందురు.

కారణము స్పష్టము. చేతి వెనుక చర్మమున నూనెగ్రంథులు, రోమకూపములు ముఖమునందుకంటె తక్కువ. పుండు మానుటకు వలయు కణములు చాలవరకు వానినుండి పుట్టును గాన, అచ్చటి గాయము ఆలస్యముగా మానును. చామనచాయవారికి మంటతోనే క్రొత్త నలుపు వచ్చును. కావున చేతులకు అల్పబలముగల ఆమ్లమును పలుమారులు వాడుట, పిమ్మట ఎండ తగులకుండ కాచుకొనుట చర్మవైద్యుల పద్ధతి. ఫీనాలు చేతులకు తగదు. అది గుండెలయను సైతము చెరుపగలదు. ఆకారమో వన్నెయో మారుచున్న మచ్చను ముందుగా వైద్యునికి చూపవలెను.

మచ్చను తీయగోరుట తప్పుగాదు. నూరు లెక్కించు ఓర్పు లేనివాని చేతికి మాత్రము మన చేతుల నప్పగింపరాదు.