మిడుతూరు బాటలో మోకుత్రాడు

ఒకానొక శ్రావణమాసపు సాయంసమయమున, మిడుతూరు నుండి నందికొట్కూరునకు పోవు బాటపై, ఇరుప్రక్కల నల్లరేగడి చేలు మసకచీకటిలో కలిసిపోవుచుండగా, ముందొక కారును, దాని వెనుక పదునైదడుగుల దూరమున ఇంజను మూగవోయిన మోటారుసైకిలు నొకదానిని చూచితిని. రెంటికిని నడుమ నున్నది బొటనవ్రేలి లావు మోకు మాత్రమే. మోటారుసైకిలుపై నున్న యువకుడు ఆ మోకును తన బండికి ముడివేయలేదు. హ్యాండిలు నడుమ ఒక్క చుట్టు త్రిప్పి, కొసను ఎడమచేతి పిడిక్రింద అదిమి పట్టియుండెను. కారు నడుపువాడు ముందున్న బాటను ఎంత శ్రద్ధతో చూచుచుండెనో, అద్దములో వెనుకవానిని సైతము అంత శ్రద్ధతోనే చూచుకొనుచుండెను.

ఆ దృశ్యము నన్ను చాలదూరము వెంటాడినది. చెడిపోయిన బండిని మంచి బండి లాగుకొని పోవుట ఈ సీమకు మోటారుతో వచ్చిన విద్య కాదనియు, ఎద్దులబండి కడ, దేవుని తేరు కడ, కాలువపడవ కడ మన పెద్దలు తరతరములుగా నేర్చినదే యీనాడు మోటారుసైకిలునకు అక్కరకు వచ్చుచున్నదనియు నాకు తోచినది. త్రాడునకు లాగు శక్తి కలదు గాని ఆపు శక్తి లేదు. ఈ లోపమును మనుష్యులు ఏయే యుపాయములచే పూరించుకొనిరో చెప్పినచో, లాగుడు చరిత్ర యంతయు చెప్పినట్లే యగును.

నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చి ఱాయివలె నుండును. వాన కురిసిన మరునాడు అడుసు చక్రపు ఆకులకు పట్టి, బండి ఇరుసు వరకు దిగబడును. అట్టియెడ రైతు ముందు మరియొక జత ఎద్దులను మోకుతో కట్టి, నాలుగును ఒక్కమారే మెడ వంచునట్లు అదలించి, బండిని గట్టున వేయుచుండెను. బలము కన్న ఏకకాలికత ముఖ్యమని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల తిరునాళ్లలో నేటికిని జరుగు బండలాగుడు పోటీలను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అయితే బండకు చక్రములు లేవు. ఎద్దులు నిలిచినచోట అదియు నిలుచును. బండికి చక్రములున్నను నొగ కలదు; పల్లమున బండి మీదికి తోసుకొనివచ్చినపుడు ఆ నొగ, ఆ కాడి, ఎద్దుల మెడలు కలిసి దానిని నిలువరించును. కొయ్య లాగనును గలదు, ఆపనును గలదు.

తేరు కడ కొయ్య పోయి త్రాడు వచ్చినది. అహోబిలమున బ్రహ్మోత్సవవేళ వందలమంది మోకులు పట్టి రథమును లాగుదురు గదా, కదలిన రథము త్రాటి మాట వినదు. కనుకనే చక్రముల ప్రక్కన కొయ్యదిమ్మెలు పట్టుకొని నడచు కొందరుందురు. సకాలమున చక్రము క్రింద దిమ్మె నుంచి రథమును ఆపుటయు, మలుపున దాని దారి మరల్చుటయు వారి పని. జయజయధ్వానములు మోకు పట్టినవారివి. ప్రాణములకు పూచీ దిమ్మె పట్టినవారిది.

ఇక కాలువ. సుంకేసుల కడ తుంగభద్రలో పుట్టి, కర్నూలులో హంద్రీనదిని పైవంతెనకాలువగా దాటి, నందికొట్కూరు, నంద్యాల ప్రాంతముల మీదుగా కడప వరకు సుమారు 306 కిలోమీటర్లు సాగు కె.సి. (కర్నూలు-కడప) కాలువను నేడు మనము సేద్యపునీటికై మాత్రమే తలచుకొందుము. మిడుతూరు మండలములోని అలగనూరు జలాశయము సైతము ఈ కాలువ ఆయకట్టుకై కట్టబడినదే. కాని 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దీని త్రవ్వకమునకు పూనుకొన్నపుడు, సర్ ఆర్థర్ కాటన్ దొర తలంపు ననుసరించి, పైరులకు నీరును, సరకులకు పడవదారియు నొక్కటిగా నుద్దేశించిరి. 1882లో ప్రభుత్వము కాలువను కంపెనీ నుండి కొనెను. 1933లో పడవల రాకపోకలు నిలిచి, నాటినుండి అది కేవలము సేద్యపు కాలువ యైనది.

గాలి లేనినాడు కాలువపడవను గట్టున నడచు మనుష్యులు త్రాటితో లాగవలసినదే. ఇచ్చట నొక చిక్కు కలదు: త్రాటిని పడవ ముక్కునకు కట్టినచో, లాగినకొలది ముక్కు గట్టువైపే తిరిగి పడవ ఒడ్డునకు కొట్టుకొనును. కావున త్రాటిని వెనుకకు జరిపి తెరచాపకొయ్యకు కట్టి, చుక్కాని పట్టినవాడు పడవను నడినీటికి మరల్చుచుండును. ఆపవలసిన తావున గడకర్రవాడు నేలకు గడ నాటును. త్రాడు ఎచ్చట కట్టవలెను, వెనుకనున్నవాడు ఏమి చేయవలెను అను రెండు ప్రశ్నలకును కాలువ చెప్పిన సమాధానము లివి.

ఈ ప్రశ్నలే మోటారుసైకిలుతో మరల వచ్చినవి. 1956లో మద్రాసు కడ తిరువొత్తియూరున బుల్లెట్టు తయారీ మొదలైనది. 1961లో మైసూరు నుండి జావా వచ్చినది. 1985లో హీరో హోండా వచ్చిన పిదప మోటారుసైకిలు ధనికుల ముంగిలి విడిచి రైతు చావడి చేరినది. బాట నడుమ పెట్రోలు అయిపోవుటయు, చైను తెగుటయు, ప్లగ్గు చెడుటయు అప్పటినుండియు నున్నవే. తోటివాడు మరియొక మోటారుసైకిలుపై వెనుక వచ్చుచు, తన కాలిని ముందుబండి ఫుట్‌రెస్టునకు ఆనించి తోయుట మన బాటలపై నిత్యము కనబడునది. కారు దొరికినచో మోకు బయటికి వచ్చును.

మోకును హ్యాండిలు ఒక కొసకు కట్టినవాడు మొదటి గజములోనే ఆ వైపునకు కూలును. పడవ ముక్కునకు జరిగినదే యిది. నడుమ కట్టి ముడివేసినవాడు సైతము సురక్షితుడు కాడు, ఏలయన కారు గోతిని తప్పించి ప్రక్కకు మరలినపుడు అతని చేతిలో నేమియు లేదు. నేర్పరి మోకును నడుమ ఒక్క చుట్టు త్రిప్పి కొసను పట్టుకొనును; అపాయము తోచిన క్షణమున వ్రేళ్లు విప్పిన చాలును, మోకు జారిపోవును, బండి స్వతంత్ర మగును. గేరు న్యూట్రలున నుంచి, వెనుక బ్రేకును పాదముతో తేలికగా ఒత్తుచు, మోకు ఎన్నడును వదులుగాకుండ చూచుకొనుట అతని రెండవ ధర్మము; వదులైన మోకు ముందుచక్రము క్రిందికి పోయి చుట్టుకొన్నచో పడిపోక తప్పదు. తేరు కడ దిమ్మె చేసిన పనిని ఇచ్చట పాదము చేయుచున్నది.

ఇంతకన్న క్షేమమైన మార్గములును కలవు. ముందుచక్రమును కారు వెనుక అమర్చిన ఇనుపతొట్టెలో నిలిపి బిగించి, వెనుకచక్రముపై దొర్లించుకొని పోవుట యొకటి. ఇంజను ఆగియున్నను వెనుకచక్రముతో గేరుపెట్టెలోని పండ్లచక్రములు కొన్ని తిరుగును, వానికి నూనె సరిగా నందదు. కనుక దూరమైనచో చైను ఊడదీయుట మేలు. బండిని పూర్తిగా నెత్తి మోయుట అన్నిటికన్న శ్రేష్ఠము. ట్రాక్టరు ట్రాలీయే చాలకాలము ఆ పని చేసెను. 2005లో టాటా ఏస్ వచ్చినపిమ్మట అది పల్లెపల్లెను చేరి యీ భారమును తానెత్తుకొనెను. ముందుచక్రమును డబ్బా మూలకు ఆనించి, హ్యాండిలు ఇరుప్రక్కలనుండి త్రాళ్లను క్రిందికి లాగి కట్టగా ముందుఫోర్కులు కొంత కుంగును; తిరిగి పైకి లేవజూచు ఆ ఫోర్కుల బలమే త్రాటిని బిగువున నుంచును.

ప్రభుత్వమును ఈ విద్యను గమనింపకపోలేదు. 2017 వరకు అమలులో నుండిన 1989 నాటి రహదారి నియమములలో, చెడిన బండిని లాగునపుడు రెండు బండ్ల నడుమ ఎడము 5 మీటర్లు మించరాదనియు, వేగము గంటకు 24 కిలోమీటర్లు దాటరాదనియు, త్రాడు ఇతరుల కంటబడునట్లుండవలెననియు విధించిరి. వెనుకబండిపై లైసెన్సు గలవాడు కూర్చుండవలసియుండెను. లేదా దారి మరల్చు చక్రములు నేలవిడిచి పైకెత్తబడి యుండవలసియుండెను. ఈ నిబంధన నా కెంతయు ప్రియమైనది. లాగబడుచున్నవాడు మోయబడు బరువు కాడనియు, అతడును సారథియే యనియు శాసనము దానిచే అంగీకరించినది.

సంస్కృతమున గుణ మనగా త్రాడు, మంచితనమును గుణమే. మన కవులు ఈ శ్లేషను ఎన్నిమార్లు వాడుకొనిరో లెక్కలేదు. ఆ సాయంకాలము నందికొట్కూరులో మెకానిక్కు అంగడి ముందు కారు ఆగక మునుపే ఆ యువకుడు వ్రేళ్లు సడలించెను. మోకు జారి నేలపై పడెను. అతని యరచేతిలో ఎఱ్ఱని చార యొకటి దిగియుండెను. మోకును చుట్టచుట్టి, దుమ్ము దులిపి రెండుచేతులతో అందింపగా, కారాయన దానిని డిక్కీలో పడవైచి, "జాగ్రత్త నాయనా" అని మాత్రము చెప్పి, బండి త్రిప్పుకొని, వచ్చిన బాటనే మిడుతూరునకు మరలిపోయెను.