చీటీ, కుదువ, చేబదులు: తళి వైపు తెలుగు కుటుంబాలు గుర్తుపెట్టుకోవలసిన లెక్కలు

తళి, డెంకణికోట, కెళమంగళం, హొసూరు, సూళగిరి వైపు తెలుగు ఇళ్లలోకి డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. రాగులు, టొమాటో, క్యాబేజీ, గులాబీ అమ్మితే వచ్చేది ఒకటి. ఆవు పాలకు వచ్చేది ఒకటి. హొసూరు సిప్‌కాట్ కంపెనీల్లో పిల్లలు సంపాదించే జీతం ఒకటి. వచ్చే దారులు వేరైనా అవసరం ముంచుకొచ్చినప్పుడు మనం వెతుక్కునే దారులు మాత్రం అందరికీ ఒకటే: చీటీ పాడటం, నగ కుదువ పెట్టడం, తెలిసినవాళ్ల దగ్గర చేబదులు తేవడం.

ఈ మూడింటిలో తప్పేమీ లేదు. తాతల కాలం నుంచి పెళ్లిళ్లు, బోర్లు, చదువులు వీటితోనే జరిగాయి. చిక్కు కాగితాల దగ్గర వస్తోంది. 2006 తమిళ అభ్యాస చట్టం తరువాత బడికి వెళ్లిన పిల్లలు తమిళం బాగా చదువుతారు, తెలుగు చదవలేనివాళ్లు వాళ్లలో చాలామంది. పెద్దల్లో చాలామంది తెలుగే చదవగలరు. చీటీ పుస్తకం, ప్రోనోటు తెలుగులో ఉంటాయి. బ్యాంకు, సొసైటీ కాగితాలు తమిళం, ఇంగ్లీషుల్లో ఉంటాయి. ఇద్దరూ కలిసి కూర్చుంటే తప్ప ఆ ఇంటి అప్పు ఎంతో ఎవరికీ పూర్తిగా తెలియదు. అందుకే ఈ వివరాలను ఒకచోట చేర్చి ఇస్తున్నాం. ఇంట్లో ఒకరు చదివి మిగతావాళ్లకు వినిపిస్తే ఇంకా మంచిది.

వడ్డీని ఏడాదికి మార్చి చూడండి

మన వైపు వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. బ్యాంకు ఏడాదికి ఇంత శాతమని చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టాలంటే నెల వడ్డీని పన్నెండుతో హెచ్చవేయాలి. ఒక రూపాయి వడ్డీ ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, మూడు రూపాయలంటే 36, పది రూపాయలంటే 120 శాతం.

రోజు వసూలు అప్పు చూడటానికి ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. 10,000 అప్పని చెప్పి 9,000 చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజురోజుకూ తీరిపోతూ ఉంటుంది కాబట్టి, వంద రోజుల్లో మన చేతిలో ఉన్న సొమ్ము సగటున 4,500 మాత్రమే. దాని మీద వెయ్యి వడ్డీ అంటే ఏడాది లెక్కన సుమారు 80 శాతం. రోజు వడ్డీ, గంట వడ్డీ, కందు వడ్డీ, మీటర్ వడ్డీ, తండల్ పేర్లతో అధిక వడ్డీ గుంజడాన్ని తమిళనాడు ప్రభుత్వం 2003 చట్టంతో నిషేధించింది. వేధింపు ఉంటే పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు ఉంది.

ప్రోనోటు విషయంలో రెండు సంగతులు మరవకూడదు. అంకె రాయని ప్రోనోటు మీద సంతకం చేస్తే, దాన్ని నింపుకునే అధికారం పుచ్చుకున్నవాడికి మనమే ఇచ్చినట్టు. ఇచ్చినవాళ్ల వైపు నుంచి చూస్తే, కోరినప్పుడు కట్టవలసిన ప్రోనోటుకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆలోగా కొంత జమ రాయించి సంతకం తీసుకోకపోతే, తిరిగి రాయించుకోకపోతే, కోర్టులో అది నిలవదు. అయినవాళ్లేనని పెట్టెలో దాచిన కాగితాలు ఇలాగే చెల్లకుండా పోతాయి. బాకీ తీరినప్పుడు నోటు వెనక్కి తీసుకుని, సంతకం చింపి, ఇంట్లోనే ఉంచుకోండి.

చీటీ వేసే ముందు

ఇరవైమంది, నెలకు 5,000, ఇరవై నెలలు. లక్ష రూపాయల చీటీ అనుకుందాం. నాలుగో నెల ఒకరు 30,000 తగ్గించుకుని పాడారు. ఆయన చేతికి 70,000 వస్తుంది. తగ్గిన 30,000లో నిర్వాహకుడి కమీషన్ 5 శాతం, అంటే 5,000 పోగా మిగిలిన 25,000 ఇరవైమందికి తలా 1,250. ఆ నెల ప్రతి ఒక్కరూ 3,750 కడితే చాలు. ముందు పాడినవాళ్లకు చీటీ అప్పు అవుతుంది, చివరిదాకా ఆగినవాళ్లకు పొదుపు అవుతుంది. మనం ఏ అవసరానికి వేస్తున్నామో మొదటే తేల్చుకోవాలి. ముందే పాడి, ఆ డబ్బుతో ఇంకో చీటీ కట్టడం మొదలుపెడితే ఆ ఇంటి లెక్క ఇక తేలదు.

1982 చిట్ ఫండ్ చట్టం ప్రకారం ముందుగా అనుమతి తీసుకుని నమోదు చేయించాకే చీటీ నడపాలి. నిర్వాహకుడు ప్రభుత్వానికి హామీ పెట్టాలి. 2019 సవరణ తరువాత కమీషన్ గరిష్ఠంగా 7 శాతం. తమిళనాడులో చీటీలను నమోదు చేసేది రిజిస్ట్రేషన్ శాఖ. వీధి చీటీకి ఈ కాపుదల ఏదీ ఉండదు. నిర్వాహకుడు ఊరు వదిలితే మన దగ్గర మిగిలేది ఒక నోటుపుస్తకం. అయినా వేస్తామంటే, ఇంటి మూడు నెలల ఖర్చును మించిన చీటీ వద్దని మా మాట. ప్రతి పాటకూ ఎవరు పాడారు, ఎంతకు పాడారు, మనం ఎంత కట్టాం అన్నది రాసి నిర్వాహకుడి సంతకం తీసుకోండి. వీలైతే డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి.

నెలకు నూటికి పది, ఇరవై ఇస్తామనే మాటలు చీటీ కాదు, పొదుపూ కాదు. 2012లో పెరుందురై ఈము పక్షుల పథకాలు కూలినప్పుడు కొంగునాడు రైతులు నష్టపోయారు. 2022లో చెన్నైలో బంగారం వ్యాపారం పేరుతో డిపాజిట్లు తీసుకున్న కంపెనీ వల్ల లక్షమంది దాకా చిక్కుకున్నారు. ఇలాంటి కేసులకు తమిళనాడులో 1997 డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది. పోలీసు శాఖలోని ఆర్థిక నేరాల విభాగం వాటిని చూస్తుంది. కానీ పోయిన సొమ్ము చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల దాకా బీమా ఉంది. చీటీకీ, నగల దుకాణం నెలవారీ స్కీముకూ అది లేదు.

కుదువ బంగారం

పంట పెట్టుబడికి, ఆస్పత్రికి మన ఇళ్లలో మొదట కదిలేది ఆడవాళ్ల ఒంటిమీది బంగారమే. బంగారం రుణాల మీద రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్త ఆదేశాలు ఇచ్చింది, వాటి అమలుకు గడువు 2026 ఏప్రిల్ 1. రెండున్నర లక్షల లోపు రుణమైతే నగ విలువలో 85 శాతం దాకా, 5 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. ఎక్కువ ఇస్తారు కదా అని ఎక్కువ తీసుకోకండి. నగ విడిపించలేకపోవడం అక్కడే మొదలవుతుంది.

మనకు అవసరమైనవి మరికొన్ని ఉన్నాయి. నగ బరువు, నాణ్యత రాసిన పత్రం ఇవ్వాలి. తూకం మన ఎదుటే జరగాలి. షరతులు ఆ ప్రాంతపు భాషలో గానీ, రుణం తీసుకునేవాళ్లు కోరిన భాషలో గానీ చెప్పాలి. చదవలేనివాళ్లకు, ఆ సంస్థకు చెందని సాక్షి ఎదుట వివరించాలి. బాకీ పూర్తిగా తీరాక ఏడు పనిదినాల్లో నగ ఇవ్వాలి. సంస్థ తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారం కట్టాలి. వేలం వేస్తే ముందుగా తెలియజేయాలి, బాకీ పోగా మిగిలింది మనకే ఇవ్వాలి. ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా రుణం ఇచ్చినచోట తప్పక చెప్పండి. నోటీసు పాత ఇంటికి వెళ్లి, నగ వేలంలో పోయాక తెలిస్తే లాభం లేదు.

సహకార సంఘాల్లో 5 సవరన్ల లోపు నగల రుణాలను 2021లో ప్రభుత్వం మాఫీ చేసింది. మళ్లీ మాఫీ వస్తుందని వడ్డీ కట్టకుండా కూర్చోవడం జూదం. పంట రుణానికి మాత్రం నికరమైన మేలు ఉంది: సహకార సంఘంలో తీసుకుని గడువులోగా కడితే తమిళనాడులో వడ్డీ లేదు. పట్టా పేరుమీద ఉండి కూడా దీన్ని వదిలి నగ కుదువ పెట్టేవాళ్లు ముందు సొసైటీకి వెళ్లి అడగాలి.

మహిళా సంఘం, వారం కంతు

తమిళనాడులో మహిళా స్వయం సహాయ సంఘాల పని 1989లో మొదలైంది మన పాత ధర్మపురి జిల్లాలోనే. కృష్ణగిరి జిల్లా దాని నుంచి విడివడింది 2004లో. సంఘం బలం దాని పుస్తకంలో ఉంది. నెలనెలా పొదుపు, ఇచ్చిన అప్పు, వచ్చిన వడ్డీ అందరి ముందు చదివే సంఘం నిలుస్తుంది. పుస్తకం ఒకరి ఇంట్లోనే ఉండే సంఘం జగడంతో ముగుస్తుంది.

ఇంటికొచ్చి ఇచ్చే మైక్రోఫైనాన్స్ రుణాల సంగతి వేరు. 2022 నిబంధనల ప్రకారం ఒక ఇంటి రుణాల కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత వసూలుకు ఒత్తిడి చేయకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఏ రుణానికైనా 2024 అక్టోబర్ నుంచి, మొత్తం ఖర్చును ఏడాది శాతంలో చూపే ముఖ్య వివరాల పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఆ కాగితం అడిగి తీసుకున్నాకే సంతకం చేయండి.

పేరులో అక్షరం తేడా

ఇది మన ఇళ్లకే ప్రత్యేకమైన చిక్కు. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం. ప, బ, భలకూ ఒకటే. భాగ్యమ్మ పేరు రేషన్ కార్డులో తమిళంలో రాసి, అక్కడి నుంచి ఇంగ్లీషుకు మార్చేసరికి పాక్కియమ్మాళ్ అవుతుంది. బ్యాంకులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, పట్టాలో మూడో పేరు. ఒకచోట ఇంటిపేరు, ఇంకోచోట తండ్రి పేరు పొడి అక్షరం. బతికున్నంతకాలం ఎవరూ అడగరు. పోయాక బీమా, పీఎఫ్, డిపాజిట్ కోసం వెళ్లినప్పుడు ఆ ఇద్దరూ ఒకరేనని నిరూపించమంటారు. పెద్దవాళ్లు ఉండగానే అన్ని కాగితాలనూ ఒకే పేరుకు మార్పించండి.

నామినీ పేరు ప్రతి ఖాతాలో ఉందా అని చూడండి. 2025 నవంబర్ 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను రాయవచ్చు. నామినీ డబ్బు అందుకుంటారు, అంతమాత్రాన అది వారి సొంతం అయిపోదు. వారసుల హక్కు అలాగే ఉంటుంది. కంపెనీలో పనిచేసే పిల్లలకు, కాంట్రాక్టు కింద ఉన్నా, పీఎఫ్ కడుతుంటే దానితోపాటు 7 లక్షల దాకా బీమా ఉంటుంది. వాళ్ల పీఎఫ్ నంబరు ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లకు ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా ఉన్నాయి. ఒక్కొక్కటి 2 లక్షలకు. ఖాతాలో ఆ సొమ్ము లేక బీమా ఆగిపోకుండా మే నెలలో చూసుకోండి.

పంట ఇంటికి ఒక లెక్క, జీతం ఇంటికి ఒక లెక్క

జీతం వచ్చే ఇల్లు నెల లెక్క వేసుకోవచ్చు. టొమాటో వేసే ఇంటికి అది కుదరదు. ఒక కోతకు ధర పలుకుతుంది, మరో కోత కూలికి కూడా రాదు. ఏనుగులు పడితే అదీ లేదు. అలాంటి ఇంటికి మేం చెప్పేది ఇది: పాల డబ్బు ఇంటి ఖర్చుకు, పంట డబ్బు పెట్టుబడికీ అప్పుకూ. మంచి ధర వచ్చిన కోతలో ముందు తదుపరి పంట పెట్టుబడి తీసి పక్కన పెట్టాలి, తరువాత ఎక్కువ వడ్డీ అప్పు తీర్చాలి, ఆ తరువాతే బండి గానీ ఇంటి పని గానీ. రెండింటి మధ్య ఉన్న ఇళ్లలో జీతం తెచ్చే కొడుకో కూతురో పంట నష్టం మొత్తం మోయకుండా, ఎంతవరకు సాయం చేయగలరో ముందే మాట్లాడుకోవాలి.

ఒక పుస్తకం, రెండు నుడులు

ప్రతి ఇంట్లో ఒక లెక్క పుస్తకం ఉండాలి. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి దగ్గర ఎంత రావాలి, ఏ నగ ఎక్కడ కుదువ ఉంది, గడువు ఎప్పుడు, చీటీ ఎన్నో నెల, ఖాతాలు, బీమాలు, నామినీలు. తెలుగులో ఒక వరస, దాని కింద తమిళంలో ఒక వరస. పెద్దలు చెబితే పిల్లలు రాయాలి, పిల్లలు చదివితే పెద్దలు సరిచూడాలి. రహస్య అంకెలు, ఓటీపీలు మాత్రం అందులో రాయకండి. నెలకు ఒక పూట చాలు. అప్పు దాచినందువల్ల చెడిన ఇళ్లు ఉన్నాయి గానీ, చెప్పుకున్నందువల్ల చెడిన ఇల్లు మాకు కనిపించలేదు.

అవసరానికి ఈ నంబర్లు పుస్తకం మొదటి పుటలో రాసిపెట్టుకోండి. ఫోన్‌లో మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930. బ్యాంకుకు, ఫైనాన్స్ సంస్థకు రాసి ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను అడగవచ్చు, సమాచారానికి 14448. డిపాజిట్ అడిగే సంస్థకు అనుమతి ఉందో లేదో రిజర్వ్ బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.