క్రిస్మసు చెట్టు చుట్టు రైలుబండి

మన దేవాలయములలోను ఇండ్లలోను క్రిస్మసు చెట్టు నిలిపినప్పుడు దాని మొదట పశువుల పాకను, చుట్టును ఆటరైలును పెట్టుట కొన్నిచోట్ల కలదు. ఇది దొరల వేడుక, మనకెందుకని అడుగు పెద్దలు లేకపోలేదు. వారి మాట కొట్టివేయదగినది కాదు. అయినను ఖమ్మము, భద్రాచలముల అడవి అంచున నివసించు మనము ఆ బండి చరిత్రను ఒకసారి చూడవలెను.

చెట్టు జర్మనీ ఆచారము. చెట్టు క్రింద బేత్లెహేమును బొమ్మలతో అమర్చు అలవాటును మొరేవియను క్రైస్తవులు అమెరికాకు తీసికొనిపోయిరి. కొండలు, నాచు, గొఱ్ఱెలు ఉన్న ఆ చోటికే తరువాత రైలు వచ్చి చేరినది. 1891లో మార్క్లిన్ అను జర్మను సంస్థ నిర్ణీత కొలతల పట్టాలు చేసి, ఏటేటా కొన్ని ముక్కలు కొని కలుపుకొను వీలు కల్పించెను. 1900లో న్యూయార్కులో లయొనెల్ సంస్థను స్థాపించిన జాషువా లయొనెల్ కోవెన్ తన తొలి విద్యుత్ బండిని అంగడి అద్దాల వెనుక జనమును ఆకర్షించుటకే చేసెను. ఆయన యూదు వలసదారుల కుమారుడు. క్రిస్మసు చెట్టు క్రింది బండికి అంత పేరు తెచ్చినవాడు యూదుడగుట వింతయే! ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ సంస్థ 1920లో కీ ఇచ్చు బండ్లను, 1938లో 16.5 మి.మీ. పట్టాల చిన్నబండ్లను తెచ్చెను.

ఇక మన సంగతి. దుమ్ముగూడెములో గోదావరి నౌకామార్గపు పనులకు వచ్చిన ఇంజనీరు హేగ్ దొర పూనికతో 1860 దశకములో కోయవారి మధ్య సువార్త పని ఆరంభమైనది. అది నది తెచ్చిన సంఘము. డోర్నకల్ రైలు తెచ్చినది. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు కనుగొనెను. ఆ బొగ్గు కొరకు నిజాము రైలు అడవిలోనికి దిగినది. 1889 నాటికి బెజవాడతో కలిసినది. ఇల్లందు లైను విడిపోవు చోటే డోర్నకల్ జంక్షను. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు స్థాపించిన ఇండియన్ మిషనరీ సొసైటీ ఈ చుట్టుపట్లనే పని మొదలుపెట్టెను. 1909లో వచ్చిన అజరయ్య గారు 1912 డిసెంబరు 29న, క్రిస్మసు అయిన నాలుగవనాడు, కలకత్తాలో బిషపుగా అభిషేకము పొందిరి. రైలు దిగిన తరువాత పల్లెలకు ఆయనకు ఎద్దుబండియు సైకిలునే గతి. జంక్షను లేనిచో పీఠము ఇచ్చట వెలసియుండెడిది కాదని మా తలంపు. కావున చెట్టు క్రింది బండి మనకు పరాయిది కాదు.

అయితే పెట్టినవారు దానిని నడుపుకొనవలెను. మంచు కనబడవలెనని చాలమంది దూది పరచి దానిమీదనే పట్టాలు వేయుదురు. ఆ పోగులు ఇరుసుకు చుట్టుకొని పండ్లచక్రములలో దూరును, బండి ఆగును. చదునైన చెక్కపలక మీద పట్టాలు వేసి, దూదిని దూరముగా పెట్టవలెను. సరుగుడు కొమ్మ ఎండినకొలది సన్నని పుల్లలు రాలును, రోజూ ఊడ్వవలెను. విద్యుత్ బండి అయినచో పట్టాల అతుకులు బిగువుగా ఉండవలెను, నలుపును స్పిరిటు తడిపిన గుడ్డతో తుడువవలెను. నూనె ఒక్క చుక్క చాలును. ఎక్కువైనచో దుమ్ము పట్టును. కొవ్వొత్తులు ఎండిన కొమ్మకు వద్దేవద్దు.

జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడు, అన్నియు విప్పి, తుడిచి, బ్యాటరీలు తీసి పెట్టెలో పెట్టుదుము. ఎపిఫనీ పేరు గల మన కథెడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడినది ఆ తేదీనే.

అసలు పట్టాలు మాత్రము గోదావరికి ఇవతలనే ఆగినవి. భద్రాచలం రోడ్డు అను స్టేషను ఉన్నది కొత్తగూడెములో; అచ్చటినుండి భద్రాచలము సుమారు 40 కిలోమీటర్లు. ఎందరో క్రొత్తవారు ఆ పేరు చూచి మోసపోవుదురు. పాండురంగాపురము నుండి నది దాటి, భద్రాచలము మీదుగా మల్కాన్‌గిరికి లైను వేయుటకు 2024లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించినది. మన పిల్లలు అంతవరకు ఆగనక్కరలేదు. చెట్టు క్రింద నీలిగుడ్డ పరచి దానిమీద అట్టముక్కల వంతెన కట్టవచ్చును. ఎత్తు మాత్రము తక్కువగా ఉంచవలెను. చిన్న ఇంజను నిట్టెక్కుడు ఎక్కలేదు.